గతం కంటె దాపరికమే ప్రమాదం

సూరత్ నగరంలోని వరాఛా, కతార్‌గామ్ ప్రాంతాలలో ఏ వీధి చూచినా వజ్రాలకు సానపట్టే కర్మాగారాలు కనిపిస్తాయి. ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో సుమారు పదింట తొమ్మిది ఈ నగరంలోనే మెరుగు దిద్దుకొంటాయని వర్తకవర్గాల అంచనా. అక్కడి పనివానిని గౌరవంగా 'రత్నకళాకార్' అని పిలుస్తారు. అతని చేతికిచ్చే రాయిని క్యారట్లలో తూస్తారు. ఒక క్యారట్టు అంటే గ్రాములో ఐదవ వంతు మాత్రమే. గోటిసందున ఇమిడిపోగల ఆ రాయి వెల ఒక్కొక్కప్పుడు పనివాని సంవత్సరపు సంపాదనను మించి ఉంటుంది. అంతటి విలువైన వస్తువును యజమాని ఏ ధైర్యంతో మరొకరి చేతిలో పెడుతున్నాడు?

ఆ ధైర్యానికి ఆధారాలు రెండు. మొదటిది మనిషి ఎరుక. ఈ పరిశ్రమలోని యజమానులు, పనివారు అధికభాగం సౌరాష్ట్రలోని భావనగర్, అమ్రేలీ మొదలైన జిల్లాలనుండి వచ్చినవారు. ఫలానా ఊరివాడు, ఫలానావారి మేనల్లుడు అన్న పూచీమీదనే సాధారణంగా పని దొరుకుతుంది. వజ్రాల పొట్లాలను, రొక్కాన్ని నగరంనుండి నగరానికి చేరవేసే 'ఆంగడియా' సంస్థలదీ ఇదే పద్ధతి. రెండవది తూకం. రాయిని పొట్లంలో పెట్టి ఇచ్చేటపుడు తూస్తారు, తిరిగి పుచ్చుకొనేటపుడు తూస్తారు. మనిషిని నమ్మడం, లెక్క విడువకపోవడం అనే రెండు చక్రాలమీద ఆ వ్యాపారమంతా నడుస్తున్నది.

మనవంటి ప్రభుత్వరంగ సంస్థలలో మేనల్లుళ్ల పూచీ చెల్లదు, చెల్లకూడదు కూడా. రాజ్యాంగం సమాన అవకాశాన్ని విధించింది గనుక బహిరంగ ప్రకటన, పోటీపరీక్ష, యోగ్యతాక్రమం మన మార్గం. అందుచేత ముక్కూముఖం తెలియని అభ్యర్థి రేపు మన పక్క కుర్చీలో కూర్చుంటాడు. అతడు ఎటువంటివాడు? పూర్వం ఏదైనా నేరంలో చిక్కుకొన్నవాడా? కోపం వచ్చినపుడు చేతిలోని పనిముట్టును ఆయుధంగా మార్చుకొనేవాడా? ఈ ప్రశ్నలు నియామకాధికారులవి మాత్రమే కావు. హజీరా వంటి పారిశ్రామికవాడలో ఒక్క కవాటం తప్పుగా తిప్పినా ఎందరి ప్రాణాలకో ముప్పు. కనుక ఈ ప్రశ్న మనలో ప్రతి ఒక్కరిదీ.

భయం నిరాధారమైనది కాదు

ఈ భయాన్ని తేలికగా తీసివేయడం తగదు. 2014 డిసెంబరులో దేశ రాజధానిలో ఉబర్ అద్దెకారు నడిపే ఒక వ్యక్తి ప్రయాణీకురాలిపై అత్యాచారానికి ఒడిగట్టాడు. అతడు అంతకుముందే నేరారోపణలు ఎదుర్కొన్నవాడనీ, అతడు చూపిన పోలీసు సత్ప్రవర్తన పత్రం నకిలీదనీ దర్యాప్తులో వెల్లడైంది. 2015లో న్యాయస్థానం అతనికి యావజ్జీవ శిక్ష విధించింది. కాగితం ఉన్నదా అని చూచారేగాని, ఆ కాగితం ఎవరిచ్చారో విచారించినవారు లేరు. రాత్రివేళ ఒంటరి స్త్రీని ఇల్లు చేర్చవలసిన పనికి మనిషిని ఎంచుకొనేటపుడు చేసిన ఆ అజాగ్రత్త దొంగచేతికి తాళాలు ఇచ్చినదానికంటె ఘోరమైనది.

అయితే ఈ ఉదంతంనుండి కొందరు తీసే నిర్ణయం వేరు. పోలీసు రికార్డులో పేరున్నవాడెవడికీ ఉద్యోగమే ఇవ్వరాదని వారంటారు. వినడానికి సులువుగా ఉన్న ఈ సూత్రం ఆచరణలో రెండు విధాల బెడిసికొడుతుంది. పేరు రికార్డులో ఉండడం వేరు, నేరం చేయడం వేరు. ఊరిలో గట్టు తగాదా వస్తే ఫిర్యాదుదారు ఎదుటి ఇంటిలోని మగవారందరి పేర్లు వ్రాయించడం మనకు తెలియని విషయం కాదు. పట్నంలో చదువుకొంటున్న కుర్రవాని పేరు కూడా ఆ జాబితాలో చేరుతుంది. ఇది మొదటి చిక్కు. రెండవది మరింత లోతైనది. నిజం చెబితే తలుపు మూసుకొంటుందని తెలిసినపుడు ఎవడు నిజం చెబుతాడు? కఠినమైన నిషేధం నేరస్థులను ఆపదు. దాచడంలో నేర్పరులైనవారిని మాత్రమే లోపలికి పంపుతుంది.

న్యాయస్థానాలు చూపిన తూకం

మన సుప్రీంకోర్టు ఈ చిక్కుముడిని క్రమంగా విప్పుకొంటూ వచ్చింది. మూడు తీర్పులను గమనించడం ఉద్యోగులకు, ఉద్యోగార్థులకు కూడా ఉపయోగకరం.

2003లో కేంద్రీయ విద్యాలయ సంఘటన్‌కు సంబంధించిన వ్యాజ్యం వచ్చింది. వ్యాయామోపాధ్యాయునిగా నియమితుడైన వ్యక్తి, తనపై క్రిమినల్ కేసు నడుస్తుండగా ధ్రువీకరణ పత్రంలో 'లేదు' అని వ్రాశాడు. తాను హిందీ మాధ్యమంలో చదివినందున ఆంగ్లంలో ఉన్న ప్రశ్న అర్థం కాలేదని వాదించాడు. తరువాత ప్రభుత్వమే ఆ కేసును ఉపసంహరించుకొన్నది కూడా. అయినా ఉద్యోగం నిలువలేదు. పిల్లలను తీర్చిదిద్దవలసిన గురువు నిజాన్ని కప్పిపుచ్చడమే ఇక్కడ ముఖ్యమని న్యాయస్థానం భావించింది.

2011లో ఢిల్లీ పోలీసుశాఖలో హెడ్ కానిస్టేబుల్ పదవికి ఎంపికైన యువకుని వ్యాజ్యం వచ్చింది. సుమారు ఇరవై యేళ్ల వయస్సులో జరిగిన కొట్లాట కేసు రాజీతో ముగిసింది. దరఖాస్తులో ఆ సంగతి వ్రాయలేదని ఎంపికను రద్దు చేశారు. యౌవనంలో జరిగే చిన్న పొరపాట్లకు జన్మంతా ముద్ర వేయరాదని చెబుతూ న్యాయమూర్తులు విక్టర్ హ్యూగో సృష్టించిన జీన్ వాల్జీన్ పాత్రను తలచుకొన్నారు. ఆకలిగొన్నవారికోసం రొట్టె దొంగిలించి బ్రతుకంతా దొంగ అనే ముద్రను మోసిన ఆ వ్యక్తి మన పాత తరం పాఠకులకు అపరిచితుడు కాడు. 1950లో చిత్తూరు నాగయ్యగారు నటించిన 'బీదలపాట్లు' చిత్రానికి మూలం ఆ నవలే.

ఒకే విధమైన తప్పుకు ఒకచోట ఉద్యోగం పోయింది, మరొకచోట నిలిచింది. ఈ భేదాలను సమన్వయపరుస్తూ 2016 జూలై 21న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అవతార్ సింగ్ కేసులో మార్గదర్శక సూత్రాలను ప్రకటించింది. వాటి సారాంశం ఇది. అరెస్టు, విచారణలో ఉన్న కేసు, శిక్ష, నిర్దోషిగా విడుదల, ఏదైనా సరే, అడిగినపుడు అభ్యర్థి నిజమే చెప్పాలి. చిన్నతనంలో నినాదాలు చేసినటువంటి అల్ప విషయాన్ని దాచినా యజమాని తన విచక్షణతో క్షమించవచ్చు. నేరం తీవ్రమైనదైతే నియామకాన్ని రద్దు చేయవచ్చు. అనేక కేసులు నడుస్తుండగా వాటిని దాచడం మరింత గురుతరమైన విషయం. నిజం చెప్పినవానికి ఉద్యోగం ఇచ్చి తీరవలసిందేనన్న నిర్బంధం లేదు, అతని పూర్వచరిత్రను పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది.

ఈ సూత్రాలు యజమానికి కూడా హద్దులు గీశాయి. ప్రశ్న స్పష్టంగా ఉండాలి. అడగని సంగతిని చెప్పలేదని నింద మోపరాదు. తనపై కేసు ఉన్నట్లు అభ్యర్థికి తెలిసి ఉండాలి. ఉద్యోగం ఖాయమైనవానిని తొలగించాలంటే శాఖాపరమైన విచారణ తప్పదు. వజ్రాల పొట్లాన్ని ఇచ్చేటపుడూ, పుచ్చుకొనేటపుడూ తూచినట్లు, ఇక్కడ అభ్యర్థి మాటను తూస్తారు, యజమాని ప్రశ్నను కూడా తూస్తారు.

పిన్నవయస్సువారి విషయంలో శాసనమే ముందడుగు వేసింది. పదునెనిమిదేళ్లలోపు చేసిన తప్పు కారణంగా భవిష్యత్తులో ఎటువంటి అనర్హతా కలుగరాదని 2015 నాటి బాలల న్యాయచట్టంలోని 24వ సెక్షన్ చెబుతున్నది. పదహారేళ్లు నిండి, ఘోరనేరంలో పెద్దవారితో సమానంగా విచారణ పొంది దోషులుగా తేలినవారికి మాత్రం ఈ రక్షణ లేదు. మన కర్మాగారాలకు కాపలా కాసే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో చేరగోరిన ఒక అభ్యర్థి వ్యాజ్యంలో 2019లో సుప్రీంకోర్టు బాల్యంలో జరిగిన తప్పు అడ్డు కారాదనే చెప్పింది. బ్రిటన్‌లో 1974 నాటి చట్టం ప్రకారం, శిక్ష ముగిసి కొంతకాలం మరే నేరం లేకుండా గడిస్తే పెద్దవారి విషయంలో కూడా పలు శిక్షలు కాలం చెల్లినవిగా పరిగణింపబడతాయి. అంతటి విస్తృతి గల చట్టం మన దేశంలో లేదు. అందుకే మనవద్ద అధికారి విచక్షణకు బాధ్యత మరింత ఎక్కువ.

స్వభావాన్ని ఏ కాగితం చెబుతుంది?

నేరచరిత్రకైనా ఒక కాగితం ఉంటుంది. స్వభావానికి అదీ ఉండదు. ముక్కోపి, అనుమానపు మనిషి, సహచరులను వేధించి సంతోషించేవాడు, తియ్యని మాటలతో అందరినీ మోసగించేవాడు, వీరిని ముందుగా కనిపెట్టడం ఎలా? ఇరవై నిమిషాల సంభాషణలో ఆకట్టుకొనే నేర్పు సాధారణంగా మోసగానికే అధికం. నిజాయతీపరుడు తడబడవచ్చు. పైగా కేంద్ర ప్రభుత్వంలోని కింది శ్రేణి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు 2016 జనవరి 1 నుండి రద్దయ్యాయి. ప్రభుత్వరంగ సంస్థలలోని తత్సమాన ఉద్యోగాలకు కూడా అదే పద్ధతి వచ్చింది. సిఫారసులను అరికట్టడానికి ఇది మంచి చర్యే. అయితే అభ్యర్థి స్వభావం తెలుసుకొనే భారం ఇప్పుడు పూర్తిగా ప్రొబేషన్ కాలంమీద పడింది.

ఆ కాలాన్ని మనం ఎలా వినియోగించుకొంటున్నాం? సంవత్సరాంతంలో 'తృప్తికరం' అన్న ఒక్క మాట వ్రాసి సంతకం చేయడం అనేకచోట్ల పరిపాటి. ఎందుకు వచ్చిన గొడవ అన్న ఉదాసీనత దీనికి కారణం. రాత్రి షిఫ్టులో కాంట్రాక్టు కార్మికునిపై చేయి చేసుకొన్నవాని గురించి, భద్రతా నియమాన్ని ఎగతాళి చేసినవాని గురించి, సంఘటన, తేదీ, సాక్షులతో సహా వ్రాసి, అతనికి తెలియజెప్పి, సరిదిద్దుకొనే గడువు ఇవ్వడమే అసలైన పరిశీలన. 'అతని ముఖం చూస్తేనే తెలుస్తుంది' అన్న మాట పరిశీలన కాదు. నడవడిని తూచాలి, ముఖాన్ని కాదు.

స్వభావం, మానసిక అనారోగ్యం ఒకటి కావన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని దాని సహ పైలట్ ఉద్దేశపూర్వకంగా ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ పర్వతాలపై కూల్చివేశాడు. 150 మంది మరణించారు. అతడు తన వ్యాధిని సంస్థకు తెలియనీయలేదు. వ్యాధి సంగతి చెబితే లైసెన్సు, జీతం రెండూ పోతాయన్న భయం పైలట్ల నోటికి తాళం వేస్తున్నదని ఫ్రెంచి దర్యాప్తు సంస్థ తన నివేదికలో గుర్తించింది. మనోవ్యాధితో బాధపడేవారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయనివారు. వారిని అనుమానించడం అన్యాయం. చెప్పుకొనే దారి లేకపోవడమే ఇక్కడ కూడా ప్రమాదాన్ని పెంచింది. నేరచరిత్ర విషయంలో చూచిన సత్యమే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తున్నది.

ముద్రలు వేసే అలవాటు

వ్యక్తి చేసిన తప్పునే తూచడంలో ఇన్ని చిక్కులుండగా, అతడు పుట్టిన కులాన్ని, ఊరిని బట్టి తీర్పు చెప్పడం ఎంత దారుణమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. బ్రిటిషు ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా పరిగణించింది. ఆ చట్టం నీడలోనే నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలసింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. కాని ఊరి పేరు మీద ముద్ర చెరగలేదు. 1970ల దశకంనుండి లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడ సాగించిన సంస్కరణోద్యమం ఎందరినో నేరజీవితంనుండి మరల్చింది. మారడానికి మనిషి సిద్ధపడినా, పని ఇవ్వడానికి సమాజం సిద్ధపడకపోతే ఆ మార్పు ఎన్నాళ్లు నిలుస్తుంది? అహమ్మదాబాదులోని ఛారానగర్ వాసుల అనుభవం కూడా ఇటువంటిదే.

సూరత్‌లోని మన తెలుగువారికి ఈ ప్రశ్న మరొక విధంగా ఎదురవుతుంది. తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధనా మొదలైన ప్రాంతాలలో సాంచాలమీద బ్రతుకుతున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతూ వచ్చిందంటే వారి సంఖ్య ఎంతటిదో ఊహించవచ్చు. ఆ ఇళ్లలో పుట్టి ఐటీఐ చదివిన యువకునికి వజ్రాల వర్తకులవలె పూచీ పలికే పెద్దలు లేరు. అతని స్వగ్రామం ఒకచోట, నివాసం మరొకచోట. గత అయిదేళ్లలో ఏడాదికి మించి నివసించిన చోట్లన్నీ ధ్రువీకరణ పత్రంలో వ్రాయాలి. విచారణ ఆయా ఠాణాలకు పోతుంది. ఎక్కడో ఒకచోట పాత తగాదా పైకి వస్తుంది. అటువంటి యువకునికి ప్రభుత్వరంగ సంస్థలోని పారదర్శకమైన పద్ధతి ఒక్కటే ఆశ. ఆ పద్ధతి స్పష్టంగా అడిగి, ఓపికగా విని, న్యాయంగా తూచినపుడే ఆ ఆశకు అర్థం.

ఏమి చేయాలి?

నియామక బాధ్యతలు గలవారు అయిదు విషయాలు చూడాలి. చేసిన నేరం ఏమిటి, అది రుజువైనదా? అప్పటి వయస్సు ఎంత? తరువాత ఎన్నేళ్లు గడిచాయి, ఆ కాలంలో నడవడి ఎటువంటిది? ఇప్పుడు ఇవ్వబోయే పనికి, ఆ నేరానికి సంబంధం ఉన్నదా? అభ్యర్థి తానై చెప్పాడా, ఇతరులవల్ల తెలిసిందా? నిధులు కాజేసి శిక్షపడినవానిని నగదు విభాగంలో కూర్చుండబెట్టడం అవివేకం. చిన్నారులపై, స్త్రీలపై నేరాలు చేసినవానిని టౌన్‌షిప్ బడికి గాని, వసతి గృహానికి గాని దరిచేరనీయరాదు. ఇందులో దయాదాక్షిణ్యాలకు తావు లేదు. కాని పదేళ్లక్రితం కళాశాల ఆవరణలో జరిగిన తోపులాటకు, వెల్డరు పనికి సంబంధమేమిటి?

జాగ్రత్తతో కూడిన నమ్మకం సాధ్యమేననడానికి నిదర్శనాలు కూడా ఉన్నాయి. తెలంగాణలో జైళ్లశాఖ ప్రభుత్వరంగ చమురు సంస్థల సహకారంతో పెట్రోలు బంకులు నెలకొల్పి, ఖైదీలకు, విడుదలైనవారికి పని కల్పించింది. సూరత్ చెంతనున్న లాజ్‌పోర్ కేంద్ర కారాగారంలో ఖైదీలచేత వజ్రాలకే సానపట్టించారు! గోటిసందున ఇమిడే రాయిని కారాగారంలో చేతికివ్వగలిగారంటే, అది గుడ్డి నమ్మకం కాదు. పర్యవేక్షణ, లెక్క ఉన్నచోట నమ్మకానికి చోటు ఏర్పడుతుంది. లెక్కలేనిచోట మచ్చలేనివాడు కూడా ప్రలోభానికి లోనుకావచ్చు. సంస్థలలో జరిగే పెద్ద మోసాలు పలుమార్లు ఏ పాత కేసూ లేని, ఎన్నో ఏళ్ల సర్వీసు ఉన్న 'నమ్మకస్థుల' చేతులమీదుగానే జరిగినవని విజిలెన్సు విభాగంలో పనిచేసినవారు ఎరుగుదురు.

ఇక పాఠక మిత్రులకు ఒక మనవి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఏదో చిన్న కేసు ఉన్న కుర్రవాడు ఫారం చేతబట్టుకొని మన వద్దకు వచ్చినపుడు, 'ఎవరికి తెలుస్తుందిలేరా, లేదని వ్రాసెయ్' అని సలహా ఇచ్చే పెద్దలు కొందరున్నారు. అది ప్రేమతో చెప్పిన మాటే కావచ్చు. కాని ఆ ఒక్క అక్షరం అతని మెడకు ఉరి కాగలదు. కేసును ఉపసంహరించుకొన్నా, దాచినందుకు ఉద్యోగం పోయిన ఉదంతం పైన చూచాం. ఫారంలోని ప్రతి ప్రశ్నను తెలుగులో వివరించి చెప్పండి. కేసు సంఖ్య, న్యాయస్థానం పేరు, తీర్పు ప్రతి దగ్గర పెట్టుకొని ఉన్నది ఉన్నట్లు వ్రాయించండి. అవసరమైతే న్యాయవాదిని సంప్రదించండి. నిజం వ్రాసినవానికి ఉద్యోగం తప్పక వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాని వచ్చిన ఉద్యోగం పదేళ్ల తరువాత, ఇంటి అప్పు తీరకముందు, పిల్లల చదువుల మధ్యలో ఊడిపోయే దుర్గతి దానివల్ల తప్పుతుంది.

అటువంటివాడు నిజం చెప్పి, సంస్థ తూచి చూచి నియమించిన తరువాత, అతని గతాన్ని క్యాంటీన్‌లో పంచుకొనే హక్కు ఎవరికీ లేదు. రహస్యంగా పరిశీలించవలసిన కాగితంలోని సంగతి టీ కప్పుల మధ్యకు వచ్చిందంటే తప్పు ఆ కాగితం చూచినవారిది. అంతేకాదు, ఆ మాటలు విన్న మరొక యువకుడు తన ఫారంలో 'లేదు' అనే వ్రాస్తాడు. నిజం చెప్పినవానికి గౌరవం దక్కే వాతావరణాన్ని కాపాడుకోవడం మన సంస్థ భద్రతలో ఒక భాగమని అందరం గ్రహించాలి.